చీమల నుంచి చేతి గడియారం దాకా: చక్కెర పరీక్ష నడిచివచ్చిన దారి



ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఒక వ్యాసం రాయవలసిందిగా సంపాదక మిత్రులు కోరినప్పుడు మొదట వెనకాడాను. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై అయిదేండ్లకు పైగా తపాలు రిజిస్టర్ల మధ్య, పహాణీ నకళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. అయితే మన సంఘం సమావేశాల్లో డి.ఎ. బకాయిల ముచ్చట అయిపోయిన వెంటనే వినిపించే మాట "మీకు షుగర్ ఎంతుంది?" అన్నదే. ఒకరు నూట నలభై అంటారు, ఇంకొకరు రెండు వందలు దాటిందంటారు. జేబులోంచి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన యంత్రం తీసి, వేలు గుచ్చి, అయిదారు సెకన్లలో అంకె చూపించే మిత్రులూ ఉన్నారు. ఆ చిన్న యంత్రం వెనుక ఎంతమంది శ్రమ ఉన్నదో, అది మన మిరుదొడ్డి వంటి ఊరికి ఏయే మలుపులు తిరిగి చేరిందో తెలుసుకుంటే, దాన్ని వాడుకునే తీరు కూడా మారుతుందని నా నమ్మకం. కనుక వైద్యం జోలికి పోకుండా, చరిత్రగా నాలుగు మాటలు మీ ముందుంచుతున్నాను.

మూత్రమే సాక్ష్యం

మధుమేహం అన్న పేరులోనే మధువు ఉన్నది. రోగి మూత్రం తీయగా ఉంటుందని, దానికి చీమలు పడతాయని మన ప్రాచీన ఆయుర్వేద వైద్యులు గమనించారు. యంత్రాలు లేని ఆ కాలంలో చీమలే పరీక్షకులు. యూరపులో 1674లో థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ తీపిని గురించి రాశాడు. ఆ తీపికి కారణం చక్కెరేనని 1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ చూపాడు. మూత్రాన్ని ఇగిరేదాకా కాస్తే అడుగున చక్కెర వంటి పదార్థం మిగిలింది. రక్తంలో కూడా ఆ తీపి ఉన్నదని ఆయన గమనించాడు.

1908లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్ట్ తన పేరుతో ప్రసిద్ధమైన నీలి ద్రావకాన్ని ప్రకటించాడు. మనలో చాలామందికి అది గుర్తుండే ఉంటుంది. పరీక్ష గొట్టంలో ఆ నీలి మందు పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి, దీపం మీద మరిగిస్తారు. రంగు మారకపోతే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొద్దిగా, పసుపు అయితే ఇంకొంచెం, నారింజ, ఇటుక రంగు వచ్చిందంటే బాగా ఉన్నట్టు. రిపోర్టు మీద ప్లస్ గుర్తులు పెట్టి ఇచ్చేవారు.

మా బాపుకు చక్కెర వ్యాధి బయటపడిన రోజుల్లో మిరుదొడ్డిలో ఈ పరీక్ష కూడా లేదు. పొద్దటి బస్సుకు ఖాళీ మందు సీసాలో మూత్రం పట్టుకొని సిద్దిపేటకు పోవడం, మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోవడం, సాయంత్రానికి రెండు ప్లస్సులో మూడు ప్లస్సులో రాసిన చీటీతో తిరిగి రావడం నాకు పనిగా ఉండేది. ఆ చీటీలో ఒక చిక్కు ఉండేది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గాని సాధారణంగా మూత్రంలో కనిపించదు. పైగా కనిపించేది ఆ క్షణపు సంగతి కాదు, అంతకు ముందు కొన్ని గంటల సంగతి. అంటే మేము బస్సెక్కి మోసుకుపోయింది నిన్నటి వార్త అన్నమాట. చక్కెర పడిపోయి చెమటలు పట్టినప్పుడైతే ఆ పరీక్ష ఏమీ చెప్పలేదు.

1921లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్నారు. 1922 జనవరిలో మొదటిసారి ఒక బాలుడికి ఇచ్చారు. అంతకు ముందు ఈ వ్యాధి పిల్లలకు వస్తే బతుకు మీద ఆశ వదులుకోవలసిందే. కాని మందు దొరికాక కొత్త అవసరం పుట్టింది. ఎక్కువ ఇస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, తక్కువ ఇస్తే జబ్బు ముదురుతుంది. మందు చేతికి వచ్చిన రోజు నుంచే కొలత కావలసి వచ్చింది. ఆ కొలత రోగి చేతికి రావడానికి మాత్రం ఇంకో యాభై ఏండ్లకు పైగా పట్టింది.

డాక్టర్లకు మాత్రమే అమ్మిన యంత్రం

1941లో అమెరికాలోని ఏమ్స్ అనే కంపెనీ బెనెడిక్ట్ పరీక్షను ఒక బిళ్లలోకి ఇమిడ్చింది. దీపం అక్కరలేదు, బిళ్ల వేస్తే దానంతట అదే వేడెక్కి రంగు మారేది. 1956లో అదే సంస్థలో పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ దంపతులు కాగితపు పట్టీ తెచ్చారు. మూత్రంలో ముంచి తీస్తే చాలు. ఇందులో వాడినది గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. బెనెడిక్ట్ ద్రావకం చక్కెర వంటి ఇతర పదార్థాలను చూసి కూడా రంగు మారేది. ఈ ఎంజైము మాత్రం గ్లూకోజును ఎంచి పట్టుకుంటుంది. అనేక సంతకాల్లో తనకు తెలిసిన సంతకాన్ని పోల్చుకునే పాత హెడ్ గుమాస్తా వంటిదనుకోండి.

1960ల మధ్యలో మూత్రానికి బదులు రక్తపు చుక్క వేసే పట్టీ వచ్చింది. రంగును కంటితో పోల్చుకోవాలి. కండ్లు మసకబారిన వారికి, దీపం వెలుతురులో చూసే వారికి ఇది ఇబ్బందే. 1970లో ఆ రంగును తానే చదివి ముల్లుతో చూపే మీటరు అమ్మకానికి వచ్చింది. దాని బరువు కిలోకు పైన, ధర సుమారు అయిదు వందల డాలర్లు. దాన్ని ఉద్దేశించింది ఆసుపత్రులకు, డాక్టర్ల గదులకు. రోగులకు అమ్మేవారు కాదు.

ఇక్కడ రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరు కథ చెప్పుకోవాలి. ఆయనకు పన్నెండో ఏటి నుంచి చక్కెర వ్యాధి. నడివయసు రాకముందే ఒళ్లంతా దాని దెబ్బలు కనిపించసాగాయి. మీటరు కొందామంటే రోగికి అమ్మరు. ఆయన భార్య డాక్టరు కావడంతో ఆమె పేరున తెప్పించుకున్నారు. రోజుకు అయిదారు సార్లు రక్తం చూసుకొని, తిండిని, ఇన్సులిన్‌ను దానికి అనుగుణంగా సర్దుకున్నారు. ఆరోగ్యం మెరుగుపడింది. ఆ సంగతి రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు. రోగి తన రక్తాన్ని తానే పరీక్షించుకోవడమేమిటన్న కాలమది. నా మాట వినాలంటే నేనూ డాక్టరు కావాలని నలభై అయిదో ఏట వైద్య కళాశాలలో చేరారు, డాక్టరై అదే వ్యాధికి వైద్యం చేశారు. 2025లో తొంభై ఏండ్లు నిండిన వయసులో కన్నుమూశారు.

ఆయన ఒక్కరే కాదు. 1978లో ఇంగ్లండు వైద్యులు కూడా రోగులకు మీటర్లు, పట్టీలు ఇచ్చి ఇంటి వద్ద పరీక్ష చేయించి, అది సాధ్యమేనని, మేలేనని ప్రకటించారు. ఆ తర్వాతే తలుపులు తెరుచుకున్నాయి. మన ఆఫీసుల్లో ఒకప్పుడు పౌరుడు తన భూమి రికార్డును తానే చూడడానికి ఎన్ని కాళ్లు పట్టుకోవలసి వచ్చేదో మనకు తెలుసు. తన ఒంటి రికార్డు తాను చూసుకోవడానికి రోగికి కూడా అంత పోరాటం జరిగింది.

బయోసెన్సరు అంటే

ఇప్పుడు మన జేబుల్లో ఉన్న మీటర్లలో ఎక్కువ భాగం రంగు చూసేవి కావు, విద్యుత్తు కొలిచేవి. దీనికి మూలం లీలాండ్ క్లార్క్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. ఆయన 1956లో రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే విద్యుత్ సాధనాన్ని ప్రకటించారు. 1962లో సహచరుడు చాంప్ లయన్స్‌తో కలిసి ఆ సాధనానికి గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమును పొరగా జోడించవచ్చని చూపారు. ప్రాణుల్లో దొరికే పదార్థం ఒక వైపు, విద్యుత్ సాధనం ఇంకో వైపు. ఈ జంటకే తర్వాత బయోసెన్సరు అన్న పేరు వచ్చింది. 1975లో దీని ఆధారంగా ఒక యంత్రం మార్కెట్లోకి వచ్చింది గాని, అది ప్రయోగశాల బల్ల మీద పెట్టేంత పెద్దది.

దాన్ని చిన్నది చేసిన ఘనత ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులది. 1984లో వారు ఫెర్రోసీన్ అనే ఇనుము కలిసిన పదార్థాన్ని మధ్యవర్తిగా వాడే పద్ధతిని ప్రకటించారు. 1987లో ఆ పద్ధతితో ఎక్సాక్‌టెక్ అనే మీటరు వచ్చింది. ఒక రకం కలం ఆకారంలో, ఇంకో రకం పలుచని కార్డు ఆకారంలో ఉండేది.

పని చేసే తీరు సులువుగా చెప్పుకుందాం. పట్టీ కొసన ఎంజైము ఎండబెట్టి ఉంటుంది. రక్తపు చుక్క తగలగానే ఎంజైము గ్లూకోజుతో చర్య జరిపి దానినుంచి ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. మధ్యలో ఉన్న మధ్యవర్తి పదార్థం వాటిని పట్టీలోని సన్నని లోహపు గీతకు చేరవేస్తుంది. ఆ సన్నని విద్యుత్తును మీటరు లెక్కగట్టి అంకెగా చూపుతుంది. చక్కెర ఎంత ఎక్కువగా ఉంటే విద్యుత్తు అంత ఎక్కువ. అంటే అసలు పని జరిగేది పట్టీలో, మీటరు లెక్క రాసే గుమాస్తా మాత్రమే. మీటరు ఒకసారి కొంటాము, పట్టీలు బతికినంతకాలం కొంటాము. కంపెనీల ఆదాయం, మన పింఛను మీద భారం రెండూ ఆ పట్టీలోనే ఉన్నాయి.

మన దారుల్లోకి వచ్చిన యంత్రం

మన ప్రాంతపు సంగతికి వద్దాం. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. తర్వాత 104 ఫోను సలహా, దాని వెంట నెలకోసారి ఊరికి వచ్చే 104 బండ్లు వచ్చాయి. ఆ బండి దగ్గర బి.పి., షుగర్ చూపించుకున్న వారు మనలో ఎందరో ఉన్నారు. సీసా పట్టుకొని పట్నం పోయే పని తప్పి, పట్నమే మన చావడి దగ్గరికి వచ్చిన తొలి అనుభవం అది. 2010లో చక్కెర వ్యాధి, గుండె జబ్బు, పక్షవాతం, క్యాన్సర్ల మీద కేంద్రం జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 2017 నుంచి ముప్పై ఏండ్లు దాటిన వారందరికీ ఊళ్లలోనే పరీక్షలు చేయాలన్న కార్యక్రమం వచ్చింది. దానితో ఏ.ఎన్.ఎం.ల సంచుల్లోకి గ్లూకోమీటరు చేరింది.

మన సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి మీద సికింద్రాబాదు పోయేటప్పుడు శామీర్‌పేట తగులుతుంది. ఆ దగ్గరలోనే 2008లో బిట్స్ పిలానీ వారి హైదరాబాద్ ప్రాంగణం మొదలైంది. 2014 జనవరిలో భారత వైద్య పరిశోధన మండలి రెండు స్వదేశీ గ్లూకోమీటర్లను ఢిల్లీలో ప్రజల ముందుంచింది. వాటిలో ఒకటి ఈ శామీర్‌పేట ప్రాంగణంలో రూపొందినది. విదేశీ పట్టీల ధర కంటే ఎంతో తక్కువకు మన పట్టీ దొరకాలన్నది ఆ ప్రయత్నం వెనుక ఉన్న ఉద్దేశం. మనం బస్సు కిటికీలోంచి చూస్తూ పోయే దారి పక్కన ఇటువంటి పని జరిగిందని మనలో ఎందరికి తెలుసు?

మనది 2016 అక్టోబరు 11 దాకా మెదక్ జిల్లాయే గదా. ఆ పాత జిల్లాలోనే, ఇప్పటి సంగారెడ్డి జిల్లా కందిలో ఐ.ఐ.టి. హైదరాబాద్ ఉన్నది. కరోనా కాలంలో అక్కడి ఆచార్యులు కోవిహోమ్ అనే పరీక్షా సాధనాన్ని తయారు చేశారు. ప్రయోగశాలకు పోకుండా, ఇంటి వద్దనే, అరగంటలో ఫలితం తెలియాలన్నది దాని లక్ష్యం. అదే సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో 2017లో రాష్ట్ర ప్రభుత్వం వైద్య పరికరాల తయారీకి ప్రత్యేకంగా పార్కు ఏర్పాటు చేసింది. ఇది మన పిల్లల చదువులకు, కొలువులకు సంబంధించిన సంగతి కూడాను.

ఇంత ఎందుకు అవసరమో ఒక లెక్క చెబుతుంది. 2023లో ప్రకటించిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి చక్కెర వ్యాధి ఉన్నది. దాని అంచున మరో 13 కోట్ల 60 లక్షల మంది ఉన్నారు. రక్తపోటు ఉన్నవారు 31 కోట్ల పైచిలుకు.

వేలికి తగిలించిన దీపం

యంత్రం ఇంట్లో ఉంటే ప్రాణం ఎట్లా నిలుస్తుందో 2021 ఏప్రిల్, మే నెలల్లో కండ్లారా చూశాము. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు మూలసూత్రాన్ని 1974లో జపాను ఇంజినీరు తకువో అయోయాగి ప్రకటించారు. రక్తం ఎర్రదనాన్ని రెండు రకాల వెలుతురుతో చూసి, అందులో ఆక్సిజన్ ఎంతున్నదో లెక్కగట్టడమే ఆ సూత్రం. చిత్రమేమంటే, ఆయన సాధనం లోకమంతటికీ అక్కరకు వచ్చిన 2020లోనే, ఏప్రిల్ 18న ఆయన కన్నుమూశారు.

కరోనాలో కొందరికి ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోయేది. మా వాడకట్టులో ఒక పెద్దమనిషి అరుగు మీద కూర్చొని మామూలుగా మాట్లాడుతున్నారు. ఆశ కార్యకర్త వేలికి మీటరు పెడితే 86 చూపింది. ఆమె చేతులు తుడిపించి ఇంకో వేలికి పెట్టింది, అంతే వచ్చింది. "సారూ, ఇంట్ల ఉండుడు వద్దు, ఇప్పుడే పోవాలె" అని ఆమె పట్టుబట్టి, ఫోను చేసి, బండి వచ్చేదాకా కదలలేదు. గంటలోపు ఆయన సిద్దిపేట తోవలో ఉన్నారు. పది రోజులకు ఇంటికి వచ్చారు. అక్కడ అంకె ఎంత పని చేసిందో, దాన్ని చూసి కదిలిన ఆ అమ్మాయి అంత పని చేసింది.

అంకె వచ్చాక ఏం కావాలి?

ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి చెప్పే ఉదంతం మన తెలుగు నేల మీదే ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 54 గ్రామాల్లో ఒక ప్రయోగం చేసింది. ఆశ కార్యకర్తలకు బి.పి. యంత్రం, ట్యాబ్లెట్ కంప్యూటరు ఇచ్చారు. వారు ఇంటింటికీ పోయి వివరాలు నమోదు చేస్తే, గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎవరికి ఎక్కువో ఆ ట్యాబ్లెట్ లెక్కగట్టి చెబుతుంది. ఆ వివరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకూ చేరుతుంది. ఆశలు శ్రద్ధగా పని చేశారు. అరవై రెండు వేల మందికి పైగా వయోజనులున్న ఆ ఊళ్లలో ఎనిమిది వేల పైచిలుకు మందికి ముప్పు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. 2019లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఏర్పాటు ఉన్న ఊళ్లకు, లేని ఊళ్లకు మధ్య రక్తపోటు అదుపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇది చదివి కొందరు యంత్రాలు దండగ అనవచ్చు. నేను అట్లా అనుకోను. ఇంటింటికీ పోయి ముప్పు ఉన్నవారిని గుర్తించడం చిన్న పని కాదు, ఆ పని జరిగింది. కాని రక్తపోటు తగ్గేది గుర్తించినందువల్ల కాదు, మందు రాసే డాక్టరు, ఆ మందు నెలనెలా దొరికే చోటు, మానకుండా వేసుకునే మనిషి ముగ్గురూ కలిసినప్పుడే. మనం ఉద్యోగంలో ఉండగా ఎన్ని ఫైళ్లు చూడలేదు! తపాలు వచ్చింది, ఇన్‌వార్డు నంబరు పడింది, రిజిస్టరులో ఎక్కింది. "తీసుకున్న చర్య" అన్న గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. తనిఖీకి వచ్చిన అధికారి చూసేది ఆ ఖాళీ గడినే.

మా సంఘ మిత్రుడొకరి కథ చెప్పి తీరాలి. ఆయన పేరు, ఆయన చూపించుకున్న చోటు పేరు ఇక్కడ అక్కరలేదు. దాదాపు రెండేండ్లు ప్రతి నెలా ఆయన వేలు గుచ్చారు. చీటీలో 260, 275, 250, 290 అని తేదీలతో సహా రాశారు. ప్రతిసారీ పాత బిళ్లలే ఇచ్చారు. మందు మార్చవలసిన అవసరం ఉన్నదని ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు, ఇంట్లో వారూ అడగలేదు. నెలనెలా పరీక్ష జరుగుతున్నది గనుక వైద్యం జరుగుతున్నదనే అందరూ అనుకున్నారు. ఎడమ కాలి బొటనవేలికి చెప్పు ఒరిసి పుండు పడింది, స్పర్శ తగ్గినందున నొప్పి తెలియలేదు. చివరికి రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. ఆ చీటీలను వరుసగా పేర్చి నాకు చూపించినప్పుడు ఆయన ఒకటే మాట అన్నారు: "ఇన్ని ఎంట్రీలున్నయి, ఒక్క ఆర్డరు లేదు." ఇప్పుడు కర్ర పట్టుకొని మన సమావేశాలకు వస్తున్నారు. ఈ వ్యాసంలో ఆయన సంగతి రాయడానికి ఆయన అనుమతి ఉన్నది, ప్రోత్సాహమూ ఉన్నది.

గడియారాలు, ఉంగరాలు

ఇక నేటి సంగతి. వేలు గుచ్చకుండా, భుజానికి బిళ్ల అతికించుకుంటే రాత్రింబగళ్లు చక్కెర చూపే సాధనాలు వచ్చాయి. చర్మం కింద సన్నని తీగ వంటి సెన్సరు ఉంటుంది, అది సెల్‌ఫోనుకు కబురు పంపుతుంది. ఇటువంటి సాధనానికి అమెరికాలో మొదటి అనుమతి 1999లో లభించింది. 2014లో యూరపులో విడుదలైన రకంతో వాడకం బాగా పెరిగింది. ఇన్సులిన్ రోజూ పలుమార్లు తీసుకునే వారికి ఇవి వరమే. బిళ్లలతో నెట్టుకొచ్చే వారందరికీ అవసరమా అన్నది డాక్టరునే అడగాలి, ఎందుకంటే ఒక్కో బిళ్ల పది పదిహేను రోజులకే అయిపోతుంది, ఖర్చు తక్కువ కాదు.

మరొక రకం సరుకు ఉన్నది. సూది లేదు, రక్తం లేదు, చేతికి కట్టుకుంటే చాలు షుగర్ చూపుతుందని గడియారాలు, ఉంగరాలు అమ్ముతున్నారు. మనవళ్లు ప్రేమతో కొనిపెడుతున్నారు. 2024 ఫిబ్రవరి 21న అమెరికా ఆహార, ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక చేసింది. చర్మాన్ని గుచ్చకుండా తమంతట తాము చక్కెర కొలిచే ఏ గడియారానికీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి మందు వేసుకుంటే ప్రాణాపాయమని చెప్పింది. నాడి, అడుగులు లెక్కపెట్టే గడియారాన్ని అందుకు వాడుకోండి. చక్కెర అంకెను దాన్ని చూసి నమ్మకండి. ఆక్సీమీటరుకు కూడా పరిమితి ఉన్నది. చర్మపు రంగు ముదురుగా ఉన్నవారికి అది ఉన్నదానికంటే కొంత ఎక్కువ చూపవచ్చని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు వెల్లడించారు. కనుక మనిషికి ఆయాసం ఉంటే అంకె బాగున్నదని ఊరుకోరాదు.

గుమాస్తాగా నాలుగు మనవులు

ఒకటి: మీటరు అంకె రాతి మీద చెక్కిన శాసనం కాదు. అంతర్జాతీయ ప్రమాణమే అందుకు కొంత తేడాను ఒప్పుకుంటుంది. వంద మిల్లీగ్రాములు, ఆ పైన ఉన్నప్పుడు నూటికి పదిహేను వంతులు అటూ ఇటూ ఉండవచ్చు. అసలు 200 ఉంటే మీటరు 170 చూపినా, 230 చూపినా ప్రమాణానికి లోబడినట్టే. పది అంకెలు పెరిగినందుకు నిద్ర మానుకోవద్దు, తగ్గినందుకు మిఠాయి పంచవద్దు. వారాల తరబడి ఏ వైపు పోతున్నదో చూడండి. మూడు నెలల సగటు చెప్పే రక్త పరీక్ష డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకోండి.

రెండు: పట్టీల్లో ఉన్నది ఎంజైము. మన ఎండలకు, తేమకు అది చెడుతుంది. చాలా రకాల పట్టీలను ముప్పై డిగ్రీల లోపు దాచమని డబ్బా మీదనే రాసి ఉంటుంది. మే నెలలో రేకుల గదిలో, స్కూటరు డిక్కీలో పెట్టకండి. డబ్బా మూత వెంటనే బిగించండి, గడువు తేదీ చూడండి. మామిడిపండు తిన్న చేత్తో వేలు గుచ్చితే మామిడిపండు చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. సబ్బుతో కడిగి, ఆరాకే గుచ్చండి. రక్తహీనత ఉన్నవారికి మీటరు అంకె అసలు కంటే ఎక్కువగా రావచ్చు, కనుక ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

మూడు: ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం పెట్టండి. అయిదు గడులు గీయండి. తేదీ, సమయం, తిండికి ముందా తర్వాతా, అంకె, తీసుకున్న చర్య. ఫోనులో దాచుకుంటామంటే సంతోషమే, కాని ఫోను పోయినా పుస్తకం ఉంటుంది. తేదీ లేని అంకె సంతకం లేని కాగితం వంటిది.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ అయిదో గడి ఖాళీగా ఉండనీయకండి. వరుసగా మూడు నాలుగు సార్లు అంకె ఎక్కువ వస్తే పుస్తకం తీసుకుపోయి డాక్టరు ముందు తెరిచి, "దీనికి ఏం చేద్దామంటారు?" అని మర్యాదగా, కాని సమాధానం వచ్చేదాకా అడగండి. సర్వీసులో ఉండగా పై అధికారి ముందు నోరు విప్పని అలవాటు మనకు ఉన్నది, వైద్యుని ముందు దాన్ని వదిలేయండి. మంచి డాక్టరు అటువంటి పుస్తకం చూసి సంతోషిస్తాడే గాని విసుక్కోడు. ఒంటరిగా ఉన్న మిత్రులకు, ముఖ్యంగా కుటుంబ పింఛను మీద బతుకుతున్న మన సోదరీమణులకు కండ్లు సరిగా కనిపించకపోతే, వారి పుస్తకాన్ని సంఘ సభ్యులలో ఒకరు నెలకోసారి చూడాలని నా ప్రతిపాదన. వచ్చే సర్వసభ్య సమావేశపు ఎజెండాలో దీన్ని చేర్చవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. అందుకు మిరుదొడ్డి వైపు ఇండ్లు తిరగడానికి నా పేరు మొదట రాసుకోవచ్చు.

పట్టీలు, మీటరు ఖర్చు గురించి, ఆరోగ్య కేంద్రంలో మందుల లభ్యత గురించి సభ్యులు తమ అనుభవాలను కార్యదర్శిగారికి రాతపూర్వకంగా అందజేస్తే, అన్నీ కలిపి ఒక వినతిపత్రం తయారు చేయవచ్చు. ముసాయిదా రాసే పని నేను చేస్తాను, అది నాకు అలవాటైన పనే గదా.



ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
మిరుదొడ్డి, సిద్దిపేట జిల్లా.